పికప్ బండికి హెడర్లు: లాగుడు ఎక్కడుంది?

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి ఎత్తు సుమారు 160 మీటర్లే. టమాటా క్రేట్లు నింపుకుని తెల్లవారేలోగా తిరుపతి చేరాల్సిన పికప్ బండి భాకరాపేట ఘాటు దిగుతుంది, తిరుగు ట్రిప్పులో అదే ఘాటు ఎక్కుతుంది. చిత్తూరు నుంచి బెంగళూరుకు సరుకు తోలే బండికి పలమనేరు చేరేలోగా మొగిలి ఘాటు తప్పదు. ఇక మామిడి కాలం వచ్చిందంటే దామలచెరువు మండీకి, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తోలే బండ్లకు తీరికే ఉండదు. ఈ దారుల్లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కే ప్రతి బండిలోనూ డ్రైవరుకు ఉండే కోరిక ఒక్కటే. బండి ఇంకొంచెం లాగాలి.

ఆ కోరికకు ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోలు ఒక దారి చూపిస్తున్నాయి. అమెరికాలో ఎవరో తన ఇంటి గ్యారేజీలో పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి, ఇంజను పక్కనున్న బరువైన పోత ఇనుప ముక్కను విప్పి పక్కన పారేసి, దాని స్థానంలో మెలికలు తిరిగిన తళతళలాడే స్టీలు పైపులు బిగిస్తాడు. వాటినే హెడర్లు అంటారు. బండి స్టార్ట్ చేయగానే గర్జన వినిపిస్తుంది. అది చూసిన కుర్రవాడు మర్నాడే మెకానిక్ షెడ్డుకు వచ్చి అడుగుతాడు: "అన్నా, మన బండికి హెడర్లు ఏపిస్తే ఇంగా బాగా లాగతాదా?"

అనుభవమున్న మెకానిక్ చెప్పే జవాబు ఇలా ఉంటుంది: "నీ బండికి టర్బో ఉండాది తమ్ముడూ. ముందు లీకు యాడుందో చూద్దాం పా."

ఆ చిన్న జవాబులో పెద్ద ఇంజనీరింగు ఉంది. ఈ ప్రసంగం దాని గురించే.

నిజానికి పికప్ ట్రక్కు ఈ ప్రాంతానికి పరాయి వస్తువేం కాదు. తడ, సత్యవేడు ప్రాంతంలోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్ 27న మొదలైంది. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. డీ-మ్యాక్స్ సరుకు బండి, షోకుకు కూడా కొనుక్కునే వీ-క్రాస్ పికప్ అక్కడే తయారై దేశమంతా వెళతాయి. మన రోడ్ల మీద మాత్రం మహీంద్రా బొలెరో పికప్‌దే రాజ్యం. సందుల్లో తిరిగే చిన్న పనులకు 2005లో వచ్చిన టాటా ఏస్ ఉండనే ఉంది. వీటిలో ఏ బండికైనా ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే దారి ఒకే చోట మొదలవుతుంది. దాని పేరు ఎగ్జాస్ట్ మానిఫోల్డు.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి పొగ వదులుతుంది. అంటే ఒక్కో సిలిండరు సెకనుకు 20 సార్లు, నాలుగూ కలిసి 80 సార్లు. ఆ పొగ ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బ వేడి గొట్టంలో సెకనుకు 500 మీటర్లకు పైగా వేగంతో అలలా పరుగెడుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాలుగు సిలిండర్లు సాధారణంగా 1-3-4-2 వరుసలో పేలుతాయి. ఒకటో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే మూడోదాని వాల్వు తెరుచుకుంటుంది. కంపెనీ బిగించే పోత ఇనుప మానిఫోల్డులో నాలుగు ద్వారాలూ పొట్టి దారుల్లో ఒకే గదిలోకి తెరుచుకుంటాయి. మూడోది కొట్టిన దెబ్బ ఒకటోదాని ద్వారం మీద పడి, అక్కడ పూర్తిగా బయటికి పోని పొగను వెనక్కి నెడుతుంది. లోపల పాత పొగ మిగిలితే ఆ మేరకు కొత్త గాలికి చోటు తగ్గుతుంది.

హెడరు ఈ తగువును తీరుస్తుంది. ఒక్కో సిలిండరుకూ విడిగా, ఇంచుమించు సమానమైన పొడవున్న పైపు ఇస్తుంది. అవన్నీ కాస్త దూరం ప్రయాణించాక కలెక్టరు అనే చోట కలుస్తాయి. ఒకటినీ నాలుగునూ ఒక జత, రెండునూ మూడునూ ఇంకో జత చేసి, ఆ రెండు జతలనూ చివరికి ఒక్కటి చేసే పద్ధతినే ఫోర్-టూ-వన్ అంటారు. ఒక్కో జతలో ఒకటి పొగ వదిలేటప్పుడు రెండోది వేరే పనిలో ఉంటుంది కాబట్టి ఒకదాని దెబ్బ ఇంకోదానికి తగలదు. పైగా వేగంగా పోయే దెబ్బ తన వెనక తక్కువ ఒత్తిడిని వదిలి వెళుతుంది. పైపు పొడవు, లావు లెక్క ప్రకారం కుదిరితే ఆ తక్కువ ఒత్తిడి సిలిండరులో మిగిలిన పొగను బయటికి లాగేస్తుంది.

ఇది మాటల గారడీ కాదు. అమెరికా పికప్‌లలో చాలావాటివి టర్బో లేని పెద్ద పెట్రోలు ఇంజన్లు. వీ ఆకారంలో అటు నాలుగు, ఇటు నాలుగు సిలిండర్లు. ఒక్కో పక్క పేలుళ్ల మధ్య ఎడం సమంగా ఉండదు కాబట్టి పొట్టి మానిఫోల్డులో తగువు మరీ ఎక్కువ. అలాంటి ఇంజనుకు మంచి హెడర్లు వేస్తే, ముఖ్యంగా ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు తేడా కొలిస్తే కనిపిస్తుంది. అక్కడా ఇష్టారాజ్యం లేదు. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిరిగే బండికి ఇలాంటి పొగ భాగం మార్చాలంటే ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు అనుమతి నంబరు ఉన్న భాగమే వేయాలి. డాలస్‌లోనో, శాన్‌హోసేలోనో ఉంటూ పికప్ నడిపే తెలుగువాళ్ళకు ఈ తేడా తెలిసే ఉంటుంది.

మన బండ్ల సంగతి వేరు. బొలెరో పికప్, డీ-మ్యాక్స్ రెండూ టర్బో డీజిళ్ళు. టర్బోచార్జరును కనిపెట్టింది స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ. 1905లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. పొగలో వృథాగా పోయే శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, దానికే బిగించిన రెండో చక్రంతో గాలిని ఇంజనులోకి దట్టించడం ఆయన ఆలోచన. చిన్న బండ్ల టర్బోలో ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అది అలా తిరగాలంటే పొగ వేడిగా ఉండాలి, దారి పొట్టిగా ఉండాలి. కంపెనీ ఇచ్చిన పోత ఇనుప మానిఫోల్డు సరిగ్గా ఆ పనే చేస్తుంది. వేడిని పట్టి ఉంచి, టర్బో బరువును మోస్తూ, పొగను నేరుగా చక్రం మీదికి పంపుతుంది. దాన్ని తీసేసి పొడవాటి పలచని పైపులు వేస్తే వేడి దారిలోనే కారిపోతుంది. ఘాటులో కింది చుట్ల దగ్గర టర్బో అందుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. డబ్బు పెట్టి లాగుడు పోగొట్టుకోవడమన్నమాట.

ఇంకో మాట కూడా ఉంది. డీజిలు ఇంజను శక్తిని ప్రధానంగా తేల్చేది లోపలికి చిమ్మే డీజిలు కొలత. ఆ కొలతను ఇప్పటి బండ్లలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగ గొట్టం ఎంత వెడల్పు చేసినా కంప్యూటరు ఇచ్చే డీజిలు పెరగదు. టాటా ఏస్ విషయానికొస్తే, మొదట వచ్చిన 702 సీసీ డీజిలు ఇంజనుకు టర్బో లేదు, ఉన్న సిలిండర్లు రెండే, శక్తి 16 హార్స్ పవర్. అంత చిన్న, నెమ్మదిగా తిరిగే ఇంజను మీద హెడర్ల ఖర్చు ఏనాటికీ తిరిగి రాదు.

అయితే మానిఫోల్డు దగ్గర లాగుడు పోవడం మాత్రం నిజంగా జరుగుతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఓపికున్న మనిషికి ఇంటి దగ్గరే సాధ్యం.

పోత ఇనుము వేడికి సాగుతుంది. అర మీటరు పొడవున్న మానిఫోల్డు, 600 డిగ్రీల మేర వేడెక్కితే 3 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. అదే పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలయితే 5 మిల్లీమీటర్ల దాకా. దాన్ని పట్టుకున్న సిలిండరు హెడ్డు నీటితో చల్లబడుతూ ఉంటుంది కాబట్టి అంత సాగదు. ఘాటు ఎక్కినప్పుడల్లా మానిఫోల్డు సాగుతుంది, మండీలో ఆపినప్పుడల్లా ముడుచుకుంటుంది. ఈ రోజువారీ గుంజులాటలో ఎక్కువ దూరం జరిగేవి రెండు చివరలూ. అందుకే ముందుగా తెగేది చాలాసార్లు చివరి సిలిండరు దగ్గర మానిఫోల్డును హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్డే. అది తెగాక ప్యాకింగు వదులవుతుంది, సందులోంచి పొగ చిమ్ముతుంది. టర్బో చక్రాన్ని తిప్పాల్సిన ఒత్తిడి బయటికి పోతుంది. బండి లాగదు, నల్లపొగ పెరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది.

ఈ లీకును పట్టడానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెవి పెట్టాలి. టిక్, టిక్ అని ఇంజను వేగంతో పాటు పెరిగే చప్పుడు వినిపిస్తుంది. బండి వేడెక్కాక ఇనుము సాగి సందు మూసుకోవడంతో ఆ చప్పుడు తగ్గిపోవచ్చు. అందుకే మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళితే ఏమీ లేదని పంపించేస్తారు. చెవికి దొరకనిది కంటికి దొరుకుతుంది. హెడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య అతుకు వెంట టార్చి వేసి చూస్తే, లీకున్న చోట నల్లటి మసి గీత విసనకర్రలా విచ్చుకుని కనిపిస్తుంది.

విప్పడం మొదలుపెట్టే ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డం వేయాలి. ఇంటి దగ్గర చేతికందే హాలో బ్లాకులు, ఇటుకలు చెప్పకుండా పగులుతాయి. వాటి మీద బండిని ఎత్తి కిందికి వెళ్ళడం ప్రాణాలతో ఆడుకోవడమే. బ్యాటరీ వైరు తీసేయాలి. పైనున్న హీట్ షీల్డు, టర్బోకు వెళ్ళే ఆయిలు పైపులు, సెన్సార్ల వైర్లు ఒక్కొక్కటీ విప్పే ముందు ఫోనుతో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తడుముకోనక్కరలేదు.

నట్టు మొండికేస్తే బలం చూపకూడదు. కాస్త బిగించి, కాస్త వదులు చేసి, మళ్ళీ స్ప్రే కొట్టి ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి. రింగ్ స్పానరు గానీ, ఆరు మూలల బాక్సు స్పానరు గానీ నట్టును పూర్తిగా పట్టుకుంటుంది. ఓపెన్ స్పానరు మూలలు అరగదీస్తుంది. అంత జాగ్రత్త పడ్డా ఒక స్టడ్డు హెడ్డు లోపల తెగి కూర్చుందంటే, మెకానిక్కులు దాని మీద ఒక నట్టు ఆనించి మధ్యలో వెల్డింగు కొడతారు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది, నట్టుకు స్పానరు వేసి తిప్పితే ముక్క బయటికి వస్తుంది. ఈ పని అలవాటున్న చేతికి అప్పజెప్పడమే మేలు. డ్రిల్లు పక్కకు జారి హెడ్డులో పడిందంటే వందల్లో పోయేది వేలల్లోకి వెళుతుంది.

మానిఫోల్డు చేతికి వచ్చాక హెడ్డు ద్వారాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. టర్బో నోటికీ అంతే. లక్ష చుట్లు తిరిగే చక్రం మీద చిన్న వాషరు పడినా రెక్కలు విరిగిపోతాయి. పాత ప్యాకింగును తడిపి నెమ్మదిగా గీకాలి. పాత బండ్ల ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది కాబట్టి పొడిని నోటితో ఊదడం, పీల్చడం పనికిరాదు. తర్వాత మానిఫోల్డు ముఖం మీద నిటారైన స్టీలు స్కేలు ఆనించి, కింద ఫీలరు గేజి దూరుతుందేమో చూడాలి. వంగిందని తేలితే లేతు షాపులో ఫేసింగు కొట్టిస్తే సరిపోతుంది. ఎక్కడైనా సన్నని పగులు కనిపిస్తే మాత్రం కొత్తదే వేయాలి. పోత ఇనుముకు మామూలు వెల్డింగు నిలవదు.

బిగించేటప్పుడు పాత ప్యాకింగు, పాత నట్లు మళ్ళీ వాడకూడదు. స్టడ్ల మరల మీద వేడికి తట్టుకునే యాంటీ సీజు పూత రాస్తే రేపు విప్పేవాడికి కష్టం ఉండదు. ముందు అన్ని నట్లూ చేత్తోనే ఎక్కించి, ఆ తర్వాత మధ్య నుంచి రెండు చివరలకు, అటొకటి ఇటొకటిగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. చివర ముందు బిగిస్తే మధ్యలో ఉబ్బు మిగిలిపోతుంది. ఆఖరి బిగింపు టార్క్ రెంచితో, ఆ బండి సర్వీసు మాన్యువల్లో ఉన్న అంకెకే ఆపాలి. గట్టిగా ఉంటే మంచిదని ఇంకో అర చుట్టు వేసిన స్టడ్డే మొగిలి ఘాటులో తెగుతుంది. టర్బో విప్పి ఉంటే బిగించే ముందు దాని ఆయిలు దారిలో కాస్త కొత్త ఆయిలు పోయాలి. తొలిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండి ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో పొగ పేరుకుంటే మనిషి స్పృహ తప్పే ప్రమాదముంది.

ఇదంతా చేశాక మిగిలేది చప్పుడు మీద మోజు. హెడరు వద్దనుకున్నవాళ్ళు కూడా సైలెన్సరు కోయించి వదిలేస్తుంటారు. సైలెన్సరును 1897లోనే అమెరికాలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే ఇద్దరు పేటెంటు చేయించారు. దాదాపు మోటారు బండి వయసే ఉన్న భాగమది. తిరుపతిలో అలిపిరి దారిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలను బట్టి ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ హద్దు. కోసిన సైలెన్సరుతో ఒక్క పికప్ ఆ దారిన రాత్రి పూట పోతే మంచాల మీదున్న ఎందరికి నిద్ర చెడుతుందో ఆ బండి తోలేవాడు ఒక్కసారి ఆలోచించాలి. వాళ్ళలో తన ఊరివాళ్ళు, తన ఇంటివాళ్ళు కూడా ఉండవచ్చు.

చట్టం కూడా గట్టిగానే ఉంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది ప్రతి మోటారు బండికీ, ట్రాక్టరుకు సైతం, చప్పుడు తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనునే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షను కింద మొదటి తప్పుకే 10,000 దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, 3 నెలలు లైసెన్సు పోవడం ఉన్నాయి. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న చప్పుడు సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లకు ఇంకో ముడి ఉంది. వాటికి పొగ గొట్టంలోనే మసిని, విషవాయువులను పట్టే అమరిక ఉంటుంది. ఆ అమరిక నిలవడం కోసమే డీజిల్లో గంధకాన్ని పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గించారు. ఆ అమరికను తీసేసినా, మార్చినా సెన్సారు పసిగడుతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, చాలా బండ్లలో కంప్యూటరు శక్తిని తానే తగ్గించేస్తుంది. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. ఆ పొగను రోజూ పీల్చేవాళ్ళలో క్యాబిన్‌లో కూర్చునే డ్రైవరూ, పక్కనున్న క్లీనరూ ఉంటారు. ఆ వడపోతను తీసేయడమంటే బండి తోలేవాడు తన ఊపిరితిత్తుల మీదికి తానే తెచ్చుకోవడం.

మామిడి కోత మే నెలాఖరు నుంచి జోరందుకుంటుంది. కాబట్టి ఏప్రిల్లోనే ఒక ఆదివారం పొద్దున చల్లని ఇంజను దగ్గర చెవి పెట్టి, అతుకు వెంట టార్చి వేసి చూసుకోవాలి. మసి గీత కనిపిస్తే ప్యాకింగు, స్టడ్లు, నట్లు ముందే తెచ్చి పెట్టుకోవాలి. బిగించాక కొన్ని రోజులు సరుకుతో తిప్పి, ఇంజను మళ్ళీ చల్లారాక మాన్యువల్ చెప్పిన మేరకు నట్ల బిగువు ఒకసారి సరిచూడాలి. గాలి ఫిల్టరు మార్చి ఎంతకాలమైందో, టర్బో నుంచి గాలి పోయే రబ్బరు గొట్టం క్లిప్పులు వదులయ్యాయేమో అప్పుడే చూసుకోవచ్చు. హెడర్ల కోసం దాచిన డబ్బులో కొంత ఒక మంచి టార్క్ రెంచికి ఖర్చుపెడితే అది ఇంట్లోని ప్రతి బండికీ, పక్కింటి ట్రాక్టరుకూ కూడా పనికొస్తుంది.